పదహారో పేరు

దీపిక ఎడమ కాలు కొంచెం ఆలస్యంగా నేలకు ఆనుతోంది.

పొద్దున్నే గెస్ట్‌హౌస్ వరండాలో నిలబడి పళ్లు తోముకుంటున్న భార్గవి చెవిన పడింది ఆ సంగతి. కుడి కాలు గట్టిగా పడుతోంది, ఎడమ కాలు మెత్తగా పడుతోంది. మధ్యలో ఒక చిన్న జాగు. తొమ్మిదేళ్లుగా ఆ అడుగుల్ని ఎరిగిన మనిషి భార్గవి. వందమంది ఒక్కసారి నడిచినా వాటిలో దీపిక నడక ఏదో చెప్పగలదు. ఊరేగింపులో అందరికంటే ముందు నడిచే మనిషిలా, ఎవరికీ దారి ఇవ్వనట్టు ఉంటుంది ఆ నడక. ఈ రోజు అలా లేదు.

“ఏమైందే కాలుకు?” అంది భార్గవి, నోట్లో నురగతోనే.

“ఏమవుతుంది? కొత్త బూటు కరుస్తోంది,” అంటూ దీపిక ఆగకుండా వెళ్లిపోయింది.

భార్గవి నోరు కడుక్కుంది. బూటు కరిస్తే మడమ ఎత్తి నడుస్తారు. ఇది మడమ సంగతి కాదు.

ఇద్దరికీ చూపు లేదు. భార్గవికి పుట్టుకతోనే లేదు. దీపికకు ఏడో ఏట వచ్చిన జ్వరంతో పోయింది. భార్గవిది ఏన్కూరు పక్కన ఒక తండా. ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. దీపికది సత్తుపల్లి వైపు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతు కుటుంబం, తండ్రి వెంకటరామారావుకు పామాయిల్ తోట ఉంది. ఖమ్మం హాస్టల్లో ఒకే గదిలో పడ్డారు ఇద్దరూ. అక్కడి పొడుగాటి వరండాలోనే క్రికెట్ నేర్చుకున్నారు. ఇప్పుడు దేశం తరఫున ఆడే అంధ మహిళల జట్టుకు భార్గవి కెప్టెన్. దీపిక ఓపెనింగ్ బ్యాటర్.

తొమ్మిది వారాల్లో ప్రపంచకప్. దేశం నలుమూలల నుంచి ఇరవై ఎనిమిది మంది అమ్మాయిలు పది రోజుల క్యాంపుకు వచ్చారు. అందులోంచి పదహారు మందిని ఏరాలి. క్యాంపు జరగాల్సిన సిటీ గ్రౌండు వానకు చెరువైపోతే, మణుగూరులో బొగ్గుగనుల కాలనీ వాళ్లు తమ గ్రౌండూ గెస్ట్‌హౌసూ ఇచ్చారు. గ్రౌండుకు ఒక పక్క క్వార్టర్లు, మరో పక్క అడవి. ఆ అడవి వెనకాలే ఓపెన్‌కాస్ట్ గని.

ఈ క్రికెట్లో బంతి తెల్లటి ప్లాస్టిక్ బంతి, లోపల ఇనుప గుండ్లుంటాయి. గలగలలాడుతూ నేలమీద దొర్లి వస్తుంది. ఆ చప్పుడును బట్టే కొట్టాలి, ఆ చప్పుడును బట్టే ఆపాలి. అందుకే బంతి నడుస్తున్నంతసేపూ గ్రౌండు చుట్టూ ఎవరూ నోరెత్తకూడదు. బొత్తిగా చూపులేని వాళ్లను బీ-వన్ అంటారు. మిగతావాళ్లకు కొద్దో గొప్పో చూపుంటుంది. బీ-వన్ బ్యాటర్ కొట్టే ప్రతి పరుగునూ రెండుగా లెక్కిస్తారు, ఆమె బదులు పరుగెత్తడానికి ఇంకో అమ్మాయిని ఇస్తారు. పదహారు మందిలో ఆరుగురు బీ-వన్‌లు ఉండి తీరాలి.

భార్గవితో కలిపి అయిదుగురు బీ-వన్‌ల పేర్లు దాదాపు ఖాయమైనట్టే. ఆరో చోటు ఒక్కటే మిగిలింది. క్యాంపు మొదలైనప్పుడు అది దీపికదే అని అందరూ అనుకున్నారు. అయితే నాలుగో రోజు నుంచి ఇంకో పేరు వినబడటం మొదలైంది. సక్రి. పందొమ్మిదేళ్లు, గని పక్కన తండా, మొదటి క్యాంపు. బ్యాటు పట్టుకోవడం సరిగా రాదు గానీ, ఆ పిల్ల పక్కనుంచి బంతి దాటిపోవడం ఎవరూ వినలేదు.

ఆ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక గదిలో దీపిక మంచం మీద కూర్చుని బూట్లు విప్పుతోంది. భార్గవి వెళ్లి పక్కన కూర్చుంది. మాటా పలుకూ లేకుండా చెయ్యి చాపి ఆమె ఎడమ మోకాలు పట్టుకుంది. వేడిగా ఉంది. బత్తాయి అంత వాపు.

దీపిక ఒక్కసారి కాలు వెనక్కి లాక్కుంది. “చెయ్యి తియ్యి!”

“ఎప్పటినుంచే?”

దీపిక విప్పిన బూటును మంచం కిందికి నెట్టింది. ఫ్యాను తిరుగుతోంది. కిటికీ అవతల కాలనీ పిల్లలు షటిల్ ఆడుకుంటున్నారు.

“మూడు వారాలు,” అంది చివరికి. “తోటలో డ్రిప్ పైపు తట్టుకుని పడ్డాను. నాన్నకు కూడా చెప్పలేదు. పట్టీ కట్టుకుంటే సరిపోతోంది.”

“సరిపోతలేదు. నాకు ఇనబడ్తనే ఉన్నది.”

“నీకే వినబడుతోంది. ఇంకెవరికీ తెలీదు. బ్యాటింగుకు రన్నర్ ఉంటుంది కదా, నా కాలుతో పనేముంది?”

“ఫీల్డింగో? ఇరవై ఓవర్లు ఆ కాలు మీద పడి లేస్తవా?”

దీపిక గొంతు తగ్గించింది. “చూడవే. మనకు జట్టనేదే లేని రోజుల్లో ఆడాం. చొక్కా వెనక నంబర్లు మనమే కుట్టుకున్నాం. టికెట్లు దొరక్క విజయవాడ ప్లాట్‌ఫాం మీద పడుకున్నాం. ఇప్పుడు ప్రపంచకప్పు వస్తే నేను ఇంట్లో కూర్చుని రేడియో వినాలా? రేపు ట్రయల్ మ్యాచ్ ఉంది. నన్ను ఆడనివ్వు. అంతే.”

భార్గవి మంచం మీంచి లేచింది. “ఆడు. కానీ ఎల్లుండి పేర్లు చదివేలోపు నువ్వే చెప్పాలె. నువ్వు చెప్పకపోతే నేను చెప్త.”

“చెప్పవు,” అంది దీపిక. “నాకు తెలుసు నీ సంగతి.”

మర్నాడు గ్రౌండుకు జనం వచ్చారు. షిఫ్టు దిగిన కార్మికులు, స్కూలు పిల్లలు, పర్ణశాల చూసి తిరిగి వెళ్తూ మ్యాచ్ ఉందని విని ఆగిన ఒక బస్సు మనుషులు. కోచ్ జయప్రకాశ్ మైకు పట్టుకుని బతిమాలుతున్నాడు. “బంతి నడిచేటప్పుడు సప్పుడు చెయ్యొద్దు! బంతి ఆగినంక మీ ఇష్టం, ఈలలెయ్యండి, డప్పు కొట్టండి!” సెలెక్షన్ కమిటీ ముగ్గురూ టెంటు కింద కూర్చున్నారు. వాళ్లకు పెద్ద పుష్పలత. ఖమ్మంలో ముప్ఫై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరైన మనిషి. మిగతా ఇద్దరు ఉత్తరాది వాళ్లు.

ఒక జట్టుకు భార్గవి కెప్టెన్, రెండో జట్టుకు దీపిక. సక్రి భార్గవి జట్టులో పడింది. భార్గవి వాళ్లే ముందు బ్యాటింగుకు దిగారు.

భార్గవి క్రీజులోకి వచ్చేసరికి నాలుగు ఓవర్లు అయిపోయాయి. ఫీల్డర్లు తమ తమ చోట్ల నుంచి చప్పట్లు కొట్టి తామెక్కడున్నారో చెబుతున్నారు. దీపిక చప్పట్లు ఎడమ వైపు, పిచ్‌కు దగ్గర్లో వినబడ్డాయి. భార్గవి మోకాలు వంచి బ్యాటు నేలకు ఆనించింది. బంతి గలగలమంటూ వచ్చింది. ఎటువైపైనా కొట్టొచ్చు. ఆమె కావాలనే దీపికకు ఎడమ పక్కకు కొట్టింది.

దీపిక ఒళ్లు అడ్డం వేయలేదు. చెయ్యి మాత్రం చాపింది. బంతి దాటిపోయింది.

మరో ఓవర్లో మళ్లీ అటే కొట్టింది. మళ్లీ చెయ్యి మాత్రమే వచ్చింది. బంతి బౌండరీ దాకా దొర్లిపోయింది. తన పరుగులకు జనం కేకలు వేస్తున్నారు. ఆమెకు ఆ కేకలు చేదుగా ఉన్నాయి. నేనేం చేస్తున్న, నా బ్యాటుతోనే దాని కాలు ఇరగ్గొడ్తున్ననా అనుకుంది. అయినా మూడోసారి కూడా అటే కొట్టింది.

ఈసారి ధబ్బుమని మట్టి మీద పడింది దీపిక. బంతి ఆగింది. ఆమె పళ్లబిగువున మింగేసిన మూలుగు టెంటు దాకా పోలేదు గానీ, పిచ్ మీద ఉన్న భార్గవికి చేరింది.

ఇన్నింగ్స్ అయ్యాక పక్కనుంచి వెళ్తూ దీపిక చెవిలో చెప్పినట్టుగా అంది. “నా ఎడమకే కొట్టావు. మూడుసార్లూ. ఇప్పుడు నా వంతు వినుకో.”

ఆ మధ్యాహ్నం దీపిక ఆడిన ఆట మణుగూరు జనం చాలా రోజులు చెప్పుకున్నారు. గెలవడానికి నూట యాభై రెండు కావాలి. మొదటి బంతి నుంచే ఆమె బ్యాటు నేలను ఊడ్చినట్టు ఊడ్చింది. బంతి ఇంకా దూరంగా ఉండగానే దాని చప్పుడులోంచి అది ఎటు వంగుతుందో పట్టేసేది. కొడితే వచ్చే ‘టక్’ అనే చప్పుడు ప్రతిసారీ ఒకేలా ఉండేది, బ్యాటు నడిమధ్యన తగిలిన చప్పుడు. ఆమె కొట్టిన ఒక్కొక్క పరుగూ రెండవుతుంటే స్కోరు పరుగులు పెట్టింది. బంతి ఆగగానే డప్పు మోగేది. మళ్లీ బౌలర్ “రెడీ?” అనగానే అంతమందీ ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం. అంత జనం అలా ఒక్కసారిగా మూగబోవడం విన్నప్పుడల్లా భార్గవికి ఒళ్లు జలదరించేది. తన జట్టే ఓడిపోతోంది, అయినా ఆ ఆటకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆఖరి ఓవర్ భార్గవే తీసుకుంది. మొదటి మూడు బంతులకు ఆరు పరుగులు పోయాయి. ఇక మూడు బంతులు, ఎనిమిది పరుగులు. స్ట్రైకులో దీపిక.

అంతలో గని సైరన్ మోగింది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్. రోజూలాగే ఆట ఆపారు. కాసేపటికి అడవి అవతల నుంచి ‘ఢాం’ అని ఒక దెబ్బ పడింది. కాకులు అరుచుకుంటూ లేచాయి. నేల సద్దుమణిగాక జయప్రకాశ్ “ఇగ కానియ్యండి” అన్నాడు. ఆ రోజు రెండు దెబ్బలున్నాయని ఎవరికీ తెలియదు.

“రెడీ?” అంది భార్గవి.

“యెస్.”

“ప్లే!”

బంతి చెయ్యి వదిలింది. దీపిక బ్యాటు తగిలింది. సరిగ్గా అప్పుడే రెండో దెబ్బ పడింది. మొదటిదానికంటే పెద్దది. కాళ్ల కింద నేల అదిరింది, టెంటు గుంజలు గడగడలాడాయి, టెంటులో కుర్చీ ఒకటి వెనక్కి పడింది. గ్రౌండులో అమ్మాయిలంతా తలలు పట్టుకుని కూర్చుండిపోయారు. భార్గవి చెవులు గింగురుమన్నాయి. బంతి ఎటుపోయిందో ఆమెకు అసలు తెలియలేదు.

“డెడ్ బాల్! డెడ్ బాల్!” అని అంపైర్ అరుస్తున్నాడు.

“బంతేదీ?” అని ఎవరో అడిగారు.

“నా కాడున్నది,” అంది సక్రి. బోర్లా పడుకుని ఉంది. బంతి పొట్ట కింద ఉంది.

టెంటులోంచి పుష్పలత లేచి గ్రౌండులోకే వచ్చేసింది. ఆమె చెప్పుల చప్పుడు గబగబా దగ్గరైంది. “అంత సప్పుడుల ఎట్ల ఇన్నవే బంతిని?”

సక్రి లేచి దులుపుకుంది. అంత పెద్దావిడ తన దగ్గరికే వచ్చి అడిగేసరికి కంగారుపడింది. “గది మా ఇంటి ఎనకనే పడ్తది మేడం రోజూ. చిన్నప్పటి సంది ఇంటున్న. దాని సప్పుడు కిందికెళ్లి పోతది. బంతి సప్పుడు మీదికెళ్లి వస్తది. రెండు వేరే వేరే కదా.”

పుష్పలత వెనక్కి నడిచింది, అయితే ఈసారి నెమ్మదిగా.

ఆ బంతి లెక్కలోకి రాలేదు. భార్గవి మళ్లీ వేసింది. దీపిక ఈసారి సక్రికి అందకుండా, వికెట్ల వెనకగా, సన్నగా కోసింది. బంతి గలగలమంటూ తాడు దాటింది. నాలుగు, అంటే ఎనిమిది. గ్రౌండు దద్దరిల్లింది. దీపిక బ్యాటు పైకెత్తి ఒక్క కాలి మీద నిలబడి ఉందని చుట్టూ ఉన్న వాళ్లెవరూ గమనించలేదు.

అయిదు గంటలకు గెస్ట్‌హౌస్ హాల్లో కమిటీ కూర్చుంది. ఈ జట్టులో కెప్టెన్‌ను కూడా పిలిచి అడగడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి. జయప్రకాశ్ పేర్లు ఒక్కొక్కటే చదువుతూ పోయాడు. పదిహేను పేర్లకు పెద్దగా వాదన లేదు. పదహారో దగ్గర ఆగాడు.

మిగతా ఇద్దరు సెలెక్టర్లూ హిందీలో ఒకటే మాట అన్నారు. ఇందాక చూసిన బ్యాటింగు తర్వాత ఇంకా ఆలోచించేదేముంది, దీపిక పేరు రాసేయండి.

“ఆ చిన్నపిల్ల బంతి ఆపిన తీరు కూడ చూసినం కద,” అన్నాడు జయప్రకాశ్.

“ఒక బంతి ఆపింది. దీపిక మ్యాచే గెలిపించింది,” అన్నారు వాళ్లు.

పుష్పలత పెన్ను బల్ల మీద తడుతోంది. “భార్గవీ, నువ్వు చెప్పమ్మా. రేపు వీళ్లను ఎంటేసుకోని ఆడేది నువ్వు.”

భార్గవి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దీపిక ఇంకా ఎవరికీ చెప్పలేదని ఆమెకు తెలుసు. ఇప్పుడు తాను నోరు మూసుకుంటే పని అయిపోతుంది. దీపిక విమానం ఎక్కుతుంది, అక్కడ రెండో మ్యాచ్‌లోనో మూడో మ్యాచ్‌లోనో ఎడమ పక్కకు పడుతుంది, లేవదు. తర్వాత ఇంకెప్పటికీ ఆడకపోవచ్చు కూడా. నోరు తెరిస్తే? సక్రిదీ తండా, తనదీ తండా. తన పిల్లను తెచ్చుకుందని రేపు ఎవరైనా అంటారు. అన్నా సరే అనుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

“దీపిక ఎడమ మోకాలు బాగలేదు మేడం. మూడు వారాల సంది.”

హాల్లో కుర్చీలు కదిలాయి. ఉత్తరాది సెలెక్టర్లకు జయప్రకాశ్ హిందీలో చెప్పాడు. వాళ్లలో ఒకాయన నవ్వాడు. తొమ్మిది రోజులుగా చూస్తున్నాం, కుంటడం మాకెక్కడా కనబడలేదే అన్నాడు.

“పిలవండి ఆ అమ్మాయిని,” అంది పుష్పలత.

దీపిక వచ్చింది. హాల్లో భార్గవి ఉందని ఆమెకు తెలుసు. “ఎవరు చెప్పారు అని అడగక్కర్లేదు లెండి,” అంది గుమ్మంలోనే.

“ఒకసారి ఈ గోడ కాడి నుంచి ఆ గోడ దాక నడువమ్మా,” అంది పుష్పలత.

దీపిక తల ఎత్తుకుని నడిచింది. వెళ్లింది, తిరిగి వచ్చింది. ఒళ్లు ఎక్కడా వంచలేదు, ఆసరా కోసం చెయ్యి చాపలేదు. సెలెక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “బాగానే నడుస్తోంది కదా,” అన్నాడు ఇందాకటి ఆయన.

భార్గవి లేచి నిలబడింది. “మేడం, మీరు చూస్తున్నరు. చూస్తే తెల్వదు, అది అంత బాగా దాస్తది. ముగ్గురూ కండ్లు మూసుకోండి. మూసుకోని ఇనండి.”

పుష్పలత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. “మూసుకుందాం,” అంది. జయప్రకాశ్ హిందీలో చెప్పాడు. ఫ్యాను కట్టేశాడు.

“మళ్లీ నడువమ్మా దీపికా.”

దీపిక నడిచింది. టక్. కొంచెం ఆగి, మెత్తగా ఇంకోటి. టక్. కొంచెం ఆగి, ఇంకా మెత్తగా ఇంకోటి. ఇందాక కళ్లు తెరుచుకున్నవాళ్లకు ఎవరికీ అందని ఆ జాగు ఇప్పుడు హాలంతా నిండిపోయింది. తిరిగేచోట బూటు నేలను గీరింది. వెనక్కి వచ్చే అడుగుల్లో జాగు ఇంకా పెరిగింది. సగం దూరం రాకముందే పుష్పలత “చాలు తల్లీ, చాలు, కూసో” అంది.

దీపిక కూర్చోలేదు. “తండా పిల్ల కోసం తండా పిల్ల మాట్లాడింది,” అంది.

“దీపికా! ఆ మాట తప్పు!” అంది పుష్పలత.

“తప్పే,” అంది దీపిక. అని ఏడ్చింది. భార్గవి ఆమె ఏడుపు వినడం ఈ తొమ్మిదేళ్లలో అది రెండోసారి. దగ్గరికి వెళ్లబోయి మధ్యలోనే ఆగిపోయింది.

ఆ సాయంత్రమే కాలనీ దవాఖానాకు తీసుకెళ్లారు. డాక్టరు మోకాలు అటూ ఇటూ వంచి చూసి, లోపల లిగమెంటు దెబ్బతిన్నట్టుంది, ఖమ్మంలో స్కానింగ్ తీయించండి, మూడు నెలలు ఈ కాలు మీద పరుగు పెట్టడానికి వీల్లేదు అన్నాడు. ఇంకో రెండు మ్యాచ్‌లు ఆడి ఉంటే కోసి కుట్టాల్సి వచ్చేదని కూడా అన్నాడు. ఆ రాత్రి దీపిక భోజనానికి రాలేదు. తన సామాను పక్క గదికి మార్చుకుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గ్రౌండులోనే పేర్లు చదివారు. మైకు చుట్టూ అమ్మాయిలు చేతులు పట్టుకుని వలయంగా నిలబడ్డారు. ఒక్కో పేరుకూ ఒక్కో కేక. భార్గవి పేరు చదివినప్పుడు ఆమె బ్యాంకు నుంచి వచ్చిన వాళ్లు ఈలలు వేశారు. పదిహేనో పేరు అయ్యాక పుష్పలత మైకు తీసుకుంది.

“పదహారో పేరు. సక్రి, మణుగూరు!”

సక్రి కేక వేయలేదు. భార్గవి చేతిని పట్టుకున్న ఆ పిల్ల చెయ్యి మాత్రం మంచులా చల్లబడింది. “అక్కా, నా పేరేనా? ఇంకో సక్రి ఉన్నదా?” అంది.

“ఒక్కతే ఉన్నది. నువ్వే.”

తాడు అవతల రెండు ఆటోల నిండా వచ్చిన తండా వాళ్లు ఒక్క ఉదుటున లోపలికి వచ్చేశారు. గాజులూ గవ్వలూ గలగలలాడాయి. “యాడీ!” అని సక్రి ఆ చప్పుడు వైపే పరుగెత్తింది, దారి తప్పకుండా నేరుగా తల్లి హేమ్లి గుండెల మీద పడింది. హేమ్లి బిడ్డను పట్టుకుని ఒక పక్క ఏడుస్తూ, ఒక పక్క నవ్వుతూ, భార్గవి భుజం పట్టుకుని అడిగింది. “బిడ్డా, ఇమానంల బువ్వ పెడ్తరా? ఇది ఆకలికి ఆగది.”

“పెడ్తరమ్మా. ఇద్దరి బువ్వ ఇప్పిస్త,” అంది భార్గవి. నవ్వొచ్చింది, అంతలోనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. దేశం జట్టు తయారైంది. ఆ మాట లోపల అనుకుంటే చాలు, ఒంట్లో రక్తం ఉరకలెత్తుతోంది. ఈ సంతోషంలో పక్కనుండి వీపు మీద చరచాల్సిన చెయ్యి ఒకటి లేదు. అంతే లోటు.

బస్సు మూడింటికి. అప్పటిదాకా ఊరికే ఉండటం ఎందుకని జయప్రకాశ్ సక్రి చేతికి బ్యాటు ఇచ్చాడు. భార్గవి బంతులు వేస్తోంది. సక్రి కొడుతోంది. బంతి ఒకసారి బ్యాటు అంచుకు తగులుతుంది, ఒకసారి కాలుకు, ఒకసారి దేనికీ తగలదు. పావుగంట అలా నడిచింది.

“అబ్బబ్బబ్బ! నా చెవులు చిల్లులు పడుతున్నాయి!”

టెంటు కింద నుంచి దీపిక గొంతు అది. ఎప్పుడు వచ్చి కూర్చుందో ఎవరికీ తెలియదు. కాలుకు పట్టీ, చేతిలో దవాఖానా వాళ్లిచ్చిన కర్ర. కుర్చీ ఈడ్చుకుంటూ నెట్స్ దాకా వచ్చి కూర్చుంది.

“ఏయ్ పిల్లా. బంతి వచ్చాక వంగుతున్నావు. అది బయల్దేరగానే వంగి ఉండాలి. మోకాలు నేలకు ఆనించు. రెండు చేతులూ కిందికి. ఇంకా కిందికి! నేలను అలుకుతున్నట్టు తిప్పాలి. నరుకుతున్నట్టు కాదు.”

“గిట్లనా అక్కా?”

“గట్ల కాదు. ఇటు రా.” దీపిక సక్రి మణికట్లు పట్టుకుని తిప్పి చూపించింది. “ఇదిగో, ఇలా. నిన్న ఎనిమిది పరుగులు ఇలాగే కొట్టాను, నీకు అందకుండా. ఆ కొట్టడం నీకు రావాలి. రాకుండా ఆ చొక్కా వేసుకుని వెళ్లావా, చూడు మరి.”

భార్గవి బంతి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. “దీపికా…” అంది.

“నీతో నేను మాట్లాడను. బంతి వెయ్యి.”

భార్గవి వేసింది. ఇరవయ్యో బంతికో ఏమో, సక్రి బ్యాటు నడిమధ్యన తగిలిన చప్పుడు మొదటిసారి వినబడింది. ముగ్గురూ ఒక్కసారే కేక పెట్టారు. భోజనాలకు రమ్మని రెండుసార్లు పిలిచినా ఎవరూ కదల్లేదు.

మూడింటికి బస్సు కదిలింది. కొత్త జట్టు ఖమ్మంలో రైలెక్కి తర్వాతి క్యాంపుకు పోవాలి. దీపికను తీసుకెళ్లడానికి తండ్రి ఖమ్మం బస్టాండుకు వస్తున్నాడు. వెనక పొడుగాటి సీట్లో సక్రికీ భార్గవికీ మధ్యన కూర్చుంది దీపిక, కాలు చాపుకోవడానికి అక్కడే వీలని. దారి పొడుగునా సక్రికి చెబుతూనే ఉంది. అవతలి జట్ల బౌలర్లలో ఎవరి గొంతు ఎలా ఉంటుంది, “ప్లే” అన్నాక ఎవరు ఎంత ఆగి బంతి వదులుతారు, ఎవరి బంతి చివర్లో వంగుతుంది. సక్రి “అవ్ అక్కా, అవ్ అక్కా” అంటూ వింటోంది. అశ్వాపురం దాటింది. పాల్వంచ వచ్చేసరికి ఆ పిల్ల నిద్రపోయింది.

దీపిక మాటలు ఆగాయి. బస్సు ఒక గతుకులో పడి లేచింది. ఆమె పళ్ల మధ్య నుంచి ఊపిరి పీల్చి, ఎడమ కాలు రెండు చేతులతో ఎత్తి, అడగకుండానే భార్గవి ఒళ్లో పెట్టింది.

భార్గవి ఆ కాలును బస్సు కుదుపులకు అదరకుండా రెండు చేతులతో పట్టుకుంది.

“బరువుగా ఉందా?” అంది దీపిక కాసేపటికి.

“లేదు.”

“ఉంటే బాగుండును, నేను మోస్తున్నది నీకూ తెలిసేది,” అంది దీపిక. అని తల వెనక్కి వాల్చింది. ఖమ్మం చేరేదాకా కాలు తీయలేదు.